ఎర్రబండి వెనక చక్రాలు

పాత ట్రాక్టర్లను లారీ ఎక్కించే ముందు వాటి వెనక చక్రాలు లోపలికి జరపడం కూడా ఒక పనేనా అని మా వియ్యంకుడు సంబంధం మాట్లాడుకునే రోజున అడిగాడు. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. నలభై ఏళ్ళకు పైగా ఆ పనే చేసి, గుడివాడలో షెడ్డు మూసేశాక కూడా గట్టి జవాబేమీ దొరకలేదు.

నా దగ్గర పని నేర్చుకున్న ముగ్గురు ఇప్పుడు సొంతంగా చేసుకుంటున్నారు. పాత బండ్లను ముచ్చటపడి కొనుక్కునేవాళ్ళు ఈ మధ్య బాగా పెరిగారు కాబట్టి వీళ్ళకు పని బాగానే ఉంది. చక్రం కదలనప్పుడల్లా నాకు ఫోన్ చేస్తారు. ఊరికే ఫోన్లు ఎందుకు, అన్నీ ఒకచోట రాసిపెట్టండి మాస్టారూ అన్నారు. సరేనని కూర్చున్నాను. కూర్చున్నాక తెలిసింది, నాకు తెలిసినవి ఒక పేజీకి సరిపోతాయి, తెలియనివే చాలా ఉన్నాయి. రెండూ రాస్తున్నాను.

అసలు పనేమిటంటే

మన డెల్టాలో ట్రాక్టరు కొన్న రైతు మొట్టమొదట చేసేది వెనక చక్రాలను వీలైనంత బయటికి జరిపించడం. దమ్ములో, అంటే నీళ్ళు పెట్టిన పొలాన్ని బురదగా కలియదున్నేటప్పుడు, బండి ఒరగకుండా ఉంటుందని, పక్కన ఇనుప చక్రాలు తగిలించడానికి వీలుగా ఉంటుందని. ఒకసారి జరిపిస్తే మళ్ళీ ముప్ఫై ఏళ్ళు వాటి జోలికి పోరు. పాతకాలపు బండ్లలో చక్రం మధ్యనున్న హబ్బు ఒక లావుపాటి ఇరుసు మీద జారుతుంది. నాలుగు బోల్టులు బిగిస్తే ఆ హబ్బు ఇరుసును పట్టుకుంటుంది. ఆ రెంటి సందులోకి దమ్ము బురద చేరుతుంది, ఎండుతుంది. దివిసీమ వైపయితే దానికి ఉప్పుగాలి తోడు. ఇరవై ముప్ఫై ఏళ్ళకు హబ్బేదో ఇరుసేదో తెలియనంతగా తుప్పు పట్టేస్తుంది.

ఇప్పుడా బండిని ఎవరో దూరాన ఉన్నాయన కొనుక్కున్నాడు. లారీ తొట్టి వెడల్పు ఏడడుగులు. బండి వెనక ఏడున్నర. చక్రాలు లోపలికి జరగాలి, లేదంటే బండి లారీ ఎక్కదు. చక్రాలు ఊడదీసేసి ఎక్కించవచ్చు కదా అని ప్రతి ఒక్కరూ అడుగుతారు. ఊడాలన్నా ముందు అవి ఆ ఇరుసు మీదనే జరగాలి కదండీ.

ఇందులో నిజంగా తెలుసుకోవాల్సింది ఒకటే. ఇనుము పగిలితే మళ్ళీ దొరకదు. ఆ హబ్బులు చేసిన కంపెనీలు ఎప్పుడో పోయాయి. తుప్పు వదిలించడానికి కొట్టిన దెబ్బకు హబ్బు చీలితే ఆ బండి ఇక ఎవరికీ పనికిరాదు.

మస్తాన్‌గారు

నేను పని నేర్చుకున్నది బందరులో, చిలకలపూడి దగ్గర మస్తాన్‌గారి షెడ్డులో. మా నాన్నగారు మొవ్వలో బడిపంతులు. కొడుకు గ్రీజు పూసుకోవడం ఆయనకు ఎంతమాత్రం ఇష్టం లేదు. అయినా షెడ్డుకు వచ్చిన రైతులందరూ నన్ను పంతులుగారూ అనే పిలిచేవారు. నా చేతిలో సమ్మెట ఉన్నా సరే, వాళ్ళకు నేను పంతులుగారినే.

మస్తాన్‌గారు మాట్లాడేది తక్కువ. మా షెడ్డు పక్కనే రోల్డుగోల్డు నగలు చేసేవాళ్ళ ఇళ్ళు ఉండేవి. పొద్దున్నుంచీ చిన్న చిన్న సుత్తుల చప్పుడు. "వాళ్ళు కొడుతున్నారా, అడుగుతున్నారా? విను," అనేవారు. నాకు ముక్క అర్థం కాలేదు. రెండేళ్ళ తర్వాత కొంచెం అర్థమైంది. చిన్న సుత్తితో హబ్బు చుట్టూ తట్టుకుంటూ పోతే పట్టు ఉన్నచోట మొద్దు చప్పుడు, వదిలినచోట ఖణేల్మనే చప్పుడు వస్తుంది. మొద్దు చప్పుడు వచ్చినచోటే డీజిలు, బ్రేకాయిలు కలిపి పోయాలి, ఒక రోజు ఆగాలి, మళ్ళీ తట్టాలి.

అంతా బాగానే ఉంది కానీ, ఆయన చెప్పేదానికీ చేసేదానికీ పొంతన ఉండేది కాదు. కదలని చక్రాన్ని కొట్టకూడదని నాకు వందసార్లు చెప్పారు. ఒక రోజు పదహారు పౌన్ల సమ్మెట తీసుకుని ఆయనే ఒక చక్రాన్ని ఒక్కటంటే ఒక్కటి కొట్టారు, అది జరిగింది. ఇదేమిటండీ అని అడిగితే, "ఆ చక్రం వేరు, ఈ చక్రం వేరయ్యా," అన్నారు. తేడా ఏమిటో ఆయన చెప్పలేదు. నేను షెడ్డు మూసేసేదాకా ఆ తేడా వెతుకుతూనే ఉన్నాను.

నేను చేసిన పెద్ద తప్పు కూడా అక్కడే. ఒకసారి ఆయన నమాజుకు వెళ్ళినప్పుడు, త్వరగా అయిపోతుందని గ్యాసు మంట పెట్టి హబ్బు వేడిచేశాను. టైరులో గాలి తీయలేదు. ఆయన తిరిగొచ్చి, వద్దని కేకవేస్తూ నా దగ్గరికి వచ్చేసరికి టైరు పేలింది. నాకేమీ కాలేదు. ఆయన ఎడమచెవి ఆ రోజుతో పోయింది. చప్పుడు విని పనిచేసే మనిషికి చెవి పోగొట్టాను. తిడతారని ఎదురుచూశాను, కొడితే బాగుండుననుకున్నాను. ఆయన ఒక్కమాట అనలేదు. మర్నాటి నుంచి కుడిచెవి హబ్బుకు ఆనించి వినడం మొదలుపెట్టారు. ఎందుకు తిట్టలేదో నాకు ఈనాటికీ తెలియదు. అడిగే ధైర్యం వచ్చేసరికి ఆయన లేరు.

కాబట్టి టైరు గాలి పూర్తిగా తీయకుండా మంట జోలికి పోవద్దు. టైరులో బరువు కోసం నీళ్ళు పోసి ఉంటే అవి కూడా తీసేయాలి. ఇది నాకు రూఢిగా తెలిసిన ఒక పేజీలోది.

తెలియనివాటిలో ఒకటి

మొవ్వ దగ్గర ఒక బండికి మూడు రోజులు నానబెట్టాను, తట్టాను, జాకీ పెట్టి తోశాను, పక్క ట్రాక్టరుతో ముందుకూ వెనక్కూ లాగించాను. వెంట్రుకవాసి కూడా జరగలేదు. ఓడిపోయానని ఒప్పుకుని, సామాను సర్దుకుని, బోల్టులు తిరిగి బిగిద్దామని స్పానరు వేశాను. టక్కుమని చక్రం అంగుళం లోపలికి వచ్చింది. బిగిస్తే వదిలింది. రైతు నన్ను మహానుభావుణ్ణి చేసి ఊరంతా చెప్పుకున్నాడు. నేను ఔనని తల ఊపాను.

అప్పటి నుంచి కదలని ప్రతి చక్రానికీ ఒకసారి బిగించి చూశాను. మళ్ళీ ఎక్కడా అలా జరగలేదు. అనుభవం, అనుభవం అని మీరంతా అంటారు. నా అనుభవంలో సగం ఇలాంటిదే.

కోడూరు వైపు పని

ఇది నా చివరి పని. అందుకే వివరంగా రాస్తాను.

కోడూరు దగ్గర ఒక ఊళ్ళో వెంకటరత్నంగారని రైతు. ఆయన దగ్గర ఒక ఎర్రరంగు బండి ఉంది, బయటిదేశంలో తయారైంది, ఇప్పుడు ఎక్కడా కనిపించదు. కోయంబత్తూరులో పాత ట్రాక్టర్లు సేకరించే ఒకాయన దాన్ని కొనుక్కున్నాడు. లారీ గురువారం పొద్దున వస్తుంది. సోమవారం మధ్యాహ్నం నేను బస్సు దిగాను. మూడు రోజులు వాళ్ళింట్లోనే బస.

బండి దగ్గర ఇంకొకాయన ఉన్నాడు. వెంకటరత్నంగారి బావమరిది, సాంబశివరావు. ఊళ్ళో అందరూ సాంబయ్య అంటారు. నాకంటే రెండు మూడేళ్ళు చిన్న. బండి కొన్నప్పటి నుంచీ దాన్ని తోలింది ఆయనే. ఆ మూడు రోజులూ షెడ్డు అరుగు మీద కూర్చుని నేను చేసేదంతా చూశాడు. ఏమన్నా అడిగితే ఆఁ, ఊఁ అనేవాడు.

సోమవారం సాయంత్రంలోగా రెండు చక్రాల బోల్టులూ సడలించి, సందుల్లో డీజిలు, బ్రేకాయిలు కలిపిన మందు పోశాను. కుడిది ముందు, ఎడమది తర్వాత. ఎడమ చక్రం మూడో బోల్టు కీచుమని అరిస్తే షెడ్డు దూలం మీద ఉడత ఒకటి అటు నుంచి ఇటు పరుగెత్తింది. చేతులు కడుక్కుని టీకి లోపలికి వెళ్ళాను.

మంగళవారం పొద్దున వచ్చి చూస్తే ఎనిమిది బోల్టులూ బిగిసి ఉన్నాయి.

ఒక్కొక్కదానికీ స్పానరు వేసి చూశాను. సడలించలేదేమో, సడలిద్దామనుకుని ఊరుకున్నానేమో అనుకున్నాను. మళ్ళీ సడలించాను. జాకీ పెట్టి తోస్తే ఎడమది పావంగుళం జరిగింది. కుడిది జరగలేదు. మధ్యాహ్నం భోంచేసి ఒక అరగంట నడుం వాల్చి వచ్చాను. ఎడమ చక్రం నేను వదిలినట్టే ఉంది. కుడి చక్రం బోల్టులు నాలుగూ మళ్ళీ బిగిసి ఉన్నాయి.

మీకు ఒక విషయం చెప్పాలి. అప్పటికి ఆరునెలలుగా మా ఆవిడ కామేశ్వరి ఒకటే పోరు. అడిగిందే అడుగుతున్నారు, చెప్పిందే చెబుతున్నారు, ఒకసారి డాక్టరుకు చూపించుకోండి అని. నేను కసురుకునేవాణ్ణి. ఆ మధ్యాహ్నం ఆ బోల్టుల ముందు కూర్చుంటే నాకు నిజంగా భయం వేసింది. ఆవిడకే ఫోన్ చేశాను.

"నేను పొద్దున బీపీ మాత్ర వేసుకున్నానా?"

"నేనక్కడున్నానా ఏమిటండీ చూడ్డానికి? డబ్బీలో చూసుకోండి, మంగళవారం గడి ఖాళీగా ఉందో లేదో."

ఖాళీగానే ఉంది. వేసుకున్నట్టు మాత్రం గుర్తు లేదు.

ఆ మాట ఆవిడకు చెప్పలేదు. చేతి పని పోతే ఇంకో పని చూసుకోవచ్చు. బుర్రే నమ్మకం లేకుండా పోతే మనిషి ఏం కావాలి? బోల్టులు ఇంకెవరైనా బిగించారో నేనే బిగించానో తెలియని స్థితిలో, బోల్టు తల మీది నుంచి హబ్బు మీదకు ఒక సుద్దగీత గీశాను. మళ్ళీ సడలించాకే గీశాను. ఎనిమిదింటికీ. ఎవరైనా బోల్టు తిప్పితే గీత విరుగుతుంది. విరగకపోతే నాకే ఏదో అయిందని లెక్క.

బుధవారం పొద్దున ఎడమ చక్రం గీతలు నాలుగూ చెక్కుచెదరలేదు. కుడి చక్రం గీతలు నాలుగూ విరిగి ఉన్నాయి.

ఆ సంతోషం మీకు ఎలా చెప్పాలి. ఎవడో నా పని చెడగొడుతున్నాడు, నాకు ఏమీ కాలేదు. అప్పటికింకా ఎవరూ షెడ్డుకు రాలేదు కాబట్టి గట్టిగానే నవ్వుకున్నాను.

కుడివి మళ్ళీ సడలించి, మధ్యాహ్నం భోజనానికి వెళ్తున్నట్టు వెళ్ళి గడ్డివాము వెనక నిలబడ్డాను. సాంబయ్యగారు అరుగు మీంచి లేచి, గూట్లోంచి స్పానరు తీసుకుని, కుడి చక్రం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని బోల్టులు బిగించసాగాడు. నేను దగ్గరికి వెళ్ళాను. ఆయన ఉలిక్కిపడలేదు.

"రండి పంతులుగారూ. ఇయ్యాల కాకపోతే రేపు, చూస్తారని తెలుసు."

"ఇదంతా ఎందుకండీ? అమ్మొద్దని మీ బావగారితోనే చెప్పొచ్చు కదా?"

"ఏమని చెప్పనండీ? బండి కొన్నది ఆయన. షెడ్డు ఆయనది. నేను తోలాను, అంతే. నన్ను అడిగాడు కూడానండీ. నీ ఇష్టం బావా అన్నాను. అనేశాక ఇంకేం చెప్తాం."

"మరి?"

ఆయన స్పానరు కింద పెట్టాడు.

"ఈ చుట్టుపక్కల ఊళ్ళలో సాంబయ్య అంటే ఎవరికీ తెలవదండీ. ఎర్రబండి సాంబయ్య అనాలి. అట్టా అంటేనే తెలుసుద్ది. ఇది లారీ ఎక్కిపోయాక నేనెవర్నండీ? మా బావ బావమరిదిని. అంతేగా."

నాకు కోపం రావాల్సింది, రాలేదు. ఆ మనిషి మీద జాలి ఉంది, దానికంటే ఎక్కువగా నా బుర్ర బాగానే ఉందన్న సంబరం ఉంది. ఆ సంబరంలో ఆయన్ని కాస్త ఆటపట్టించబోయాను.

"చెయ్యి మాత్రం మంచి వాటమండీ మీది. సోమవారం రాత్రికి రాత్రే ఎనిమిది బోల్టులూ బిగించేశారంటే సామాన్యం కాదు."

"ఎనిమిదెక్కడండీ? నాలుగే. ఒక్క చక్రం ఆపితే చాలదా, లారీ ఎక్కకుండా? ఎడమదాని జోలికి నేను పోలేదు."

"సోమవారం రెండూ సడలించాను కదండీ నేను."

ఆయన నా మొహంలోకి చూశాడు. "సోమవారం మీరు ఎడమది ముట్టుకోలేదండీ. కుడిది విప్పి, మందు పోసి, చేతులు కడుక్కుని లోపలికి పోయారు. నేను ఈ అరుగు మీదే కూర్చున్నాగా. మా అక్క మీద ఒట్టు."

నేను అరుగు మీద కూర్చున్నాను. ఉడత, కీచుమన్న బోల్టు, అన్నీ కళ్ళ ముందు ఉన్నాయి. జరగనిదానికి ఇంత స్పష్టమైన జ్ఞాపకం ఎక్కడి నుంచి వచ్చింది? వేరే ఏ ఊళ్ళోనో, ఏ ఏడో, ఏ చక్రం దగ్గరో చూసిన ఉడత ఇక్కడికొచ్చి చేరిందా? ఆయనకు అబద్ధం చెప్పే అవసరం లేదు. నాలుగు ఒప్పుకున్నవాడు మిగతా నాలుగు దాచడు.

ఆయన మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. నేను రెండు రోజులుగా ఏమనుకుంటున్నానో, మా ఆవిడ ఏమంటోందో, అంతా ఆయనకు చెప్పేశాను. ఎందుకు చెప్పానో తెలియదు. ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పలేదు అప్పటిదాకా.

"నా మూలాన మీరు బుర్ర పోయిందనుకుని ఏడుస్తున్నారా రెండు రోజుల్నుంచీ? ఎంత తప్పు చేశానండీ," అన్నాడు. నా బుర్ర సంగతి ఆయన మూలాన కాదు. ఆ మాట చెప్పినా ఆయన వినిపించుకోలేదు. స్పానరు తీసుకుని కుడి చక్రం బోల్టులు ఆయనే సడలించడం మొదలుపెట్టాడు.

"బావకి చెప్పమాకండి," అన్నాడు.

"మీరూ నా సంగతి ఎవరికీ చెప్పకండి," అన్నాను.

ఆ మధ్యాహ్నం పక్కింటి ట్రాక్టరుకు గొలుసు కట్టి ఎర్రబండిని ముందుకు లాగించాం. సీటు మీద సాంబయ్యగారు. దమ్ములో బండి దిగబడితే ఎలా తప్పించేవాడో అలా స్టీరింగును ఇటొకసారి అటొకసారి తిప్పుతూ ఊపాడు. అలా ఊపాలని నాకు తోచలేదు, మస్తాన్‌గారూ చెప్పలేదు. నాలుగోసారికి కుడి చక్రం టక్కుమంది. సాయంత్రానికి రెండు చక్రాలూ నాలుగేసి అంగుళాలు లోపలికి వచ్చాయి. హబ్బు మీద ఒక్క చీలిక లేదు. వెంకటరత్నంగారు వచ్చి చూసి, "పంతులుగారి చెయ్యి పడితే ఇంకేముందండీ," అన్నారు. సాంబయ్యగారు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ అవతలికి వెళ్ళాడు.

బోల్టులన్నీ నేనే బిగించాను. ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. లారీకి ఏటవాలుగా వేసిన పలకల మీదకు బండి ఎక్కేటప్పుడు బరువంతా వెనక చక్రాల మీద పడుతుంది. ఒక్క హబ్బు జారినా బండి పక్కకు ఒరిగి సీటు మీద ఉన్నవాణ్ణి చంపేస్తుంది.

గురువారం లారీ వచ్చింది. బండిని తానే ఎక్కిస్తానని సాంబయ్యగారు బావను అడిగాడు. ఈసారి నీ ఇష్టం అని వెంకటరత్నంగారు అన్నారు. సాంబయ్యగారు ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి సీటు మీద చెయ్యి వేశాడు. నేను ఆయన్ని ఆపాను. స్పానరు చేతికిచ్చి, ఎక్కేముందు ఎనిమిదీ ఒకసారి చూడండి అన్నాను. నలభై ఏళ్ళలో నా బోల్టులు ఇంకొకరిని చూడమనడం అదే మొదలు.

"మీరు బిగించారుగా?"

"బిగించాను. అయినా చూడండి."

కుడివి నాలుగూ గట్టిగా ఉన్నాయి. ఎడమ చక్రం దగ్గరకు వెళ్ళాడు. ఒకటి, రెండు. మూడోది ఆయన వేళ్ళకే గిర్రున తిరిగింది. నాలుగోది కూడా.

ఆయన నా వైపు చూడలేదు. స్పానరు వేసి రెండూ బిగించి, స్పానరు పిడికి పైపు తగిలించి మళ్ళీ బిగించి, "బావా, పలకలు పెట్టించు," అని కేకేశాడు. బండి ఎక్కింది. లారీ రోడ్డు మలుపు తిరిగేదాకా ఆయన నడిరోడ్డు మీద నిలబడ్డాడు. నేను ఆయన పక్కన నిలబడ్డాను.

గుడివాడ వచ్చాక నేను మొదట చేసిన పని షెడ్డు తాళాలు మా ఆవిడ చేతికివ్వడం. రెండోది ఆవిడతో కలిసి డాక్టరు దగ్గరికి వెళ్ళడం. ఆయన ఏవో పరీక్షలు రాశారు, ఏవో మందులిచ్చారు. ఏమన్నారో ఆవిడకు తెలుసు.

ఇది రాసే ముందు సాంబయ్యగారికి ఫోన్ చేశాను. మీ గుట్టు కూడా బయటపడుతుంది, పేరు మార్చి రాయమంటారా అని అడిగాను. "వద్దండీ, ఎర్రబండి సాంబయ్య అనే రాయండి," అన్నాడు.

మీరు ముగ్గురూ, ఇంకెవరైనా ఈ పనిలోకి వచ్చేవాళ్ళూ ఒకటి గుర్తుపెట్టుకోండి. నాలాంటి పెద్దవాడు బిగించానని చెబితే సరేనండి అనండి. ఆయన అవతలికి వెళ్ళాక ప్రతి బోల్టూ మీ చేత్తో తిప్పి చూడండి. ఆయన అబద్ధం చెబుతున్నాడని కాదు. ఆ ఎడమ చక్రం మూడో బోల్టు, నాలుగో బోల్టు నా చేత్తో బిగించడం నాకు ఇవాళ్టికీ స్పష్టంగా గుర్తుంది.